ఉడికించిన దుంపలో మట్టం ఎందుకు పెరగలేదంటే

తమ్ముడూ, ద్రవాభిసరణ ప్రయోగానికి బంగాళాదుంపకు గుంత తీసి చక్కెర పాకం పోసి నీళ్లలో పెట్టినా మట్టం పెరగలేదని, గుంత తీయడం సులువని దుంపను ముందే ఉడికించానని రాశావు. తప్పంతా అక్కడే ఉంది.

దుంపలోని ప్రతి కణం చుట్టూ ఉండే పలుచని పొరే కణత్వచం. అంటే రెండు వరసల ఫాస్ఫోలిపిడ్లు (ఒక రకం కొవ్వు అణువులు), మధ్యమధ్య ప్రోటీన్లు. మందం 7, 8 నానోమీటర్లే. అది నీటిని పోనిస్తుంది, చక్కెరను అంత తేలిగ్గా వదలదు. ఆ తేడా ఉంటేనే ద్రవాభిసరణ, అంటే పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు పొరగుండా నీరు చేరడం. గుంతలో మట్టం పెరిగేది దానివల్లే. (నీటికి ఆక్వాపోరిన్లని ప్రత్యేక దారులున్నాయి. వాటిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది.) ఉడికితే ప్రోటీన్లు చెడి త్వచం చీలిపోతుంది. ఇక చక్కెరకూ అడ్డుండదు.

అనుమానమైతే పచ్చి బీట్‌రూట్ ముక్కను బాగా కడిగి చన్నీళ్లలో వెయ్యి, ఇంకోటి ఉడికించి వెయ్యి. రంగు ఎందులో దిగుతుందో నీకే తెలుస్తుంది. మన చిత్తూరు తోతాపురి ముక్కలకు ఉప్పుకారం పూస్తే కాసేపటికి గిన్నె అడుగున నీళ్లు ఊరతాయే, అదీ ఇదే సంగతి, కాకపోతే రివర్స్‌లో, నీళ్లు ముక్కలోంచి బయటికొస్తాయి.

పచ్చి దుంప తీసుకో. తొక్క తీసి, అడుగు చదునుగా కోసి, గుంత తియ్యి. పాకం చిక్కగా ఉండాలి. గుండుసూది గుచ్చి మట్టం గుర్తుపెట్టుకుని గంటసేపు ఆగు. ఉడికించిన దుంపను పారెయ్యకు, పక్కనే పెట్టి సార్‌కి రెండూ చూపించు.