అంతరిక్షంలో గాలి లేదు కదా, మరి ఆ ‘శబ్దాలు’ ఎక్కడివి?

సౌర పవనం (సూర్యుడి నుంచి ఎడతెగక వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం) భూమిని తాకే చోట రికార్డు చేసిన శబ్దాలంటూ వీడియోలు వస్తున్నాయి, శూన్యంలో శబ్దమేంటి, అంతా కల్పితమేనా అని అడిగారు. కల్పితం కాదండీ. అలాగని మైకుతో పట్టినవీ కావు. ఉపగ్రహాల యాంటెనాలు అక్కడి విద్యుత్, అయస్కాంత క్షేత్రాల హెచ్చుతగ్గుల్ని కొలుస్తాయి. వాటిలో చాలా తరంగాలు సెకనుకు కొన్ని వందలు, వేలసార్లు ఊగుతాయి. మన చెవి అందుకునే మేర కూడా అదే కాబట్టి ఆ సిగ్నల్‌ని నేరుగా స్పీకరుకి ఇస్తే వినిపిస్తుంది. మరీ నెమ్మదిగా ఊగేవాటిని స్పీడు పెంచి వినిపిస్తారు.

నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. వరదొచ్చినప్పుడు మడపాం దగ్గర వంశధార వంతెన స్తంభాలకు నీళ్లు ఎగదన్నడం మా పిల్లలు చూసినదే. భూమికి ఎదురుగా సౌర పవనం కూడా అలాగే ఎగదన్నుతుందని మొదలుపెడతాను. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఆ ప్రవాహం, భూమికి దాదాపు 90 వేల కిలోమీటర్ల ముందే ఒక్కసారిగా నెమ్మదించి వేడెక్కిపోతుంది. దాన్నే బో షాక్ అంటారు.

కానీ నీటికీ దానికీ అసలు తేడా ఒకటుంది, నాకు ఈ పాఠమంతటిలో ఇష్టమైనదీ అదే. నీటి అణువులు క్షణక్షణం ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. సౌర పవనంలో ఘన సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లు ఉంటే ఎక్కువ. ఒక కణం ఇంకోదాన్ని ఢీకొనాలంటే సుమారుగా సూర్యుడికీ భూమికీ ఉన్నంత దూరం, అంటే 15 కోట్ల కిలోమీటర్లు పోవాలి. గుద్దుకోవడమే లేనప్పుడు బ్రేకు వేసేదెవరు?

అయస్కాంత క్షేత్రం, దానితోపాటు ఈ తరంగాలే. షాక్ దగ్గరికి వచ్చిన అయాన్లలో (ప్రోటాన్ల లాంటి ఆవేశమున్న కణాలు) కొన్ని వెనక్కి తిరిగి, అయస్కాంత రేఖల వెంట మళ్లీ సూర్యుడి వైపే పోతాయి. ఒకేచోట రెండు ప్రవాహాలు ఎదురెదురుగా నడిస్తే ప్లాస్మా, అంటే ఈ ఆవేశ కణాల వాయువు, నిలకడగా ఉండలేదు. తరంగాలు పుట్టి, పెరిగి, కణాల్ని అటూ ఇటూ తోసి వాటి దిశనూ శక్తినీ మార్చేస్తాయి. భూమి ముందు 30 సెకన్లకోసారి ఊగే తరంగాలు వీటిలో బాగా తెలిసినవి. గురుగ్రహం బో షాక్‌ని దాటేటప్పుడు అక్కడి తరంగాల్ని 1979లోనే నాసా వ్యోమనౌక వాయేజర్ 1 పట్టింది. మొత్తం గ్రహాన్ని కమ్మే అయస్కాంత క్షేత్రం లేని అంగారకుడి ముందూ బో షాక్ ఉంది.

ఇక్కడ నేల మీద మనం వినగలమా అంటే, ఆ షాక్ దగ్గరి తరంగాల్ని వినలేం. పొడవాటి వైరు, చిన్న ఆంప్లిఫయరు, ఇయర్‌ఫోన్లతో మేం ఒక రాత్రి కళింగపట్నం తీరానికి వెళ్లాం. కరెంటు తీగలు దగ్గరుంటే 50 హెర్ట్జ్ రొద తప్ప ఇంకేం వినపడదు. తీగలకు బాగా దూరం జరిగాక చిటపటలు, మధ్యమధ్య ‘టియ్యూ’మని సాగే చిన్న కూతలు వినపడ్డాయి. అవి ఎక్కడో పడ్డ పిడుగుల రేడియో తరంగాలు. నేలకీ, పైన అయాన్లు నిండిన వాతావరణ పొర అయనో ఆవరణానికీ మధ్య తగులుతూ అంతదూరం వస్తాయి. ఆ సెట్టు తయారుచేయడానికి పెద్ద ఖర్చు కాదు, పిల్లలతో తప్పక చేయించండి.

సౌర పవనమే కావాలంటే ఇస్రో వ్యోమనౌక ఆదిత్య ఎల్1 డేటా చూడండి. అది 2024 జనవరి నుంచి భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఆ ప్రవాహం ఇంకా భూమిని తాకకముందే, దాని కణాల్నీ అయస్కాంత క్షేత్రాన్నీ కొలుస్తోంది. ఇస్రో ఆ డేటాను అందరికీ ఉచితంగానే ఇస్తోంది. ముందు మాగ్నెటోమీటరు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) ఫైళ్లతో మొదలుపెట్టండి, గ్రాఫు గీయడం తేలిక.