యూటీవీ క్యాబిన్‌లో హోరూ సెగా తగ్గాలంటే

చిరంజీవి అబ్బాయికి,

మామయ్య ఆశీస్సులు. నీ యూటీవీకి, అదే, మట్టిదారుల్లో పక్కపక్కన కూర్చుని తిరిగే ఆ చిన్న నాలుగు చక్రాల బండికి, ముందు అద్దం, పైకప్పు, తలుపులు బిగించాక లోపల పక్కవాళ్ల మాట కూడా వినపడటం లేదనీ, సీటు కింద సెగ తగులుతోందనీ రాశావు. ఈ తరహా బండ్లలో చాలావాటికి ఇంజిన్ సీట్ల వెనకో కిందో ఉంటుంది. క్యాబిన్ మూసేకొద్దీ దుమ్ము తగ్గుతుంది కానీ, ఇంతకుముందు బయటికి పోయే మోత ఇప్పుడు లోపలే తిరుగుతుంది. డ్యాంపింగ్ షీట్ (రేకు అదురుని చంపే జిగురు షీట్) చుట్ట తెచ్చి కనపడ్డచోటల్లా అంటించే పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకు. ముందు కంతలు మూయాలి. ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య ఉన్న గోడలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, ఆ గోడ ఎంత మందమైనదైనా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కి మించి శబ్దాన్ని ఆపలేదు. సెగా అక్కణ్ణుంచే వస్తుంది, పొగా అక్కణ్ణుంచే వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు కొలతలు తీసుకో. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ చాలు. అది చూపే అంకె కచ్చితమని నమ్మకు, ముందుకీ తర్వాతకీ వచ్చే తేడానే చూడు. ఒకే దారిలో, ఒకే గేరులో, ఒకే వేగంలో, ఫోన్ నీ చెవి ఎత్తులో ఉంచి పక్క సీటులో ఉన్నవాళ్ల చేత రాయించు. యాప్‌లోని ‘ఏ’ (A) స్కేలు మీదా, ‘సి’ (C) స్కేలు మీదా రెండు అంకెలూ కావాలి. ‘ఏ’ స్కేలు లోతైన హోరును తక్కువ చేసి చూపిస్తుంది. ‘సి’ అంకె దానికంటే మరీ ఎక్కువగా ఉందంటే నీ బాధ లోతైన హోరు, దానికి షీట్లు పెద్దగా పనిచేయవు. మందు సైలెన్సర్ దగ్గరా, ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే మౌంట్ రబ్బర్ల దగ్గరా ఉంటుంది. వేడికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడితే మెరిసే రేకు మీద నేరుగా చూడకు, అసలు వేడి కంటే బాగా తక్కువ చూపిస్తుంది. రేకు మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొలువు. టేపు తట్టుకోలేనంత వేడిగా ఉండే సైలెన్సర్ లాంటి చోట వేడికి ఆగే నల్ల పెయింటు చుక్క పెట్టు.

మోత ఎక్కడిదో తేల్చుకోవడం కష్టం కాదు. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రేజ్ చేసినప్పుడూ అదే మోత వస్తే అది ఇంజిన్‌దో ఎగ్జాస్ట్‌దో. వేగంతో పాటు పెరుగుతూ, యాక్సిలరేటర్ వదిలినా తగ్గకపోతే టైర్లు, బేరింగులు, షాఫ్ట్ జాయింట్లు చూడాలి. బండి నడుస్తుండగా పక్కన కూర్చున్నవాళ్లు ఒక ప్యానెల్‌ని అరచేత్తో గట్టిగా అదిమితే గోల మారిందంటే, డ్యాంపింగ్ షీట్ పడాల్సింది సరిగ్గా ఆ ప్యానెల్ మీదే. మారకపోతే అక్కడ షీట్ దండగ.

తర్వాత రిపేర్లు. ఎగ్జాస్ట్ జాయింట్ల దగ్గర నల్లటి మసి మరక కనిపిస్తే అక్కడ ప్యాకింగ్ పోయినట్టే. దాన్ని మార్చకుండా క్యాబిన్ మూయకు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మూసిన క్యాబిన్‌లో మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. ఈ ఒక్క విషయంలో బద్ధకించొద్దు. పొగగొట్టం చివర బాడీ అంచు దాటి బయటికి ఉండాలి. ఇంజిన్ మౌంట్ రబ్బరు పగిలినా, గట్టిపడినా, ఇంజిన్ అదురు తిన్నగా ఫ్రేములోకి ఎక్కుతుంది. అప్పుడు పైన ఏం పరిచినా ఫలితం ఉండదు. వదులైన హీట్ షీల్డ్ (సెగకి అడ్డుపెట్టే రేకు) బోల్టు ఒక్కటి బిగిస్తే సగం గరగర పోయే బండ్లూ ఉంటాయి.

ఇప్పుడు కంతలు. సీట్లు, వాటి కింద ప్యానెళ్లు విప్పు. చీకటిపడ్డాక ఇంజిన్ వైపు బలమైన టార్చి పెట్టి క్యాబిన్‌లోంచి చూడు. వెలుగు కనిపించిన ప్రతిచోటా గుర్తు పెట్టు. వైర్లు దూరేచోట చీలిక ఉన్న రబ్బరు గ్రోమెట్ (కంత అంచుని పట్టుకునే రింగు) వెయ్యి. గేర్ లివర్ చుట్టూ ఉన్న రబ్బరు బూటు చిరిగి ఉంటే మార్చు. విప్పి బిగించే ప్యానెళ్ల అంచుకి 10 మిల్లీమీటర్ల వెడల్పు, 5-6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఈపీడీఎం (ఎండకీ వేడికీ ఆగే ఒక రకం రబ్బరు) ఫోమ్ పట్టీ అంటించు. బిగించాక అది మూడో వంతు నొక్కుకోవాలి. అంతకంటే మందం వేస్తే ప్లాస్టిక్ ప్యానెల్ ఉబ్బుతుంది, స్క్రూ మర పోతుంది. కదలని చిన్న సందులకి వేడి తట్టుకునే సిలికాన్ వాడు. డబ్బాలోంచి ఉబ్బే స్ప్రే ఫోమ్ ఇంజిన్ దగ్గర వద్దే వద్దు, అది తేలిగ్గా అంటుకుంటుంది.

మూయకూడని కంతలూ ఉన్నాయి. బెల్ట్ హౌసింగ్‌కి (ఇంజిన్ శక్తిని చక్రాల వైపు చేరవేసే బెల్ట్ ఉండే పెట్టె) చల్లగాలి వెళ్లే గొట్టం, వేడి గాలి బయటికొచ్చే గొట్టం, ఇంజిన్ గాలి పీల్చే మార్గం, పెట్రోలు ట్యాంకు వెంటు (గాలి ఆడే దారి), బ్యాటరీ వెంటు. బెల్ట్‌కి గాలి అందకపోతే త్వరగా కాలి తెగిపోతుంది. నేల మీద నీళ్లు పోయే రంధ్రాలకి తీసిపెట్టే రబ్బరు బిరడాలు పెట్టుకో, శాశ్వతంగా మూయకు.

సెగలో ఎక్కువ భాగం ఎర్రగా కాగిన ఎగ్జాస్ట్ గొట్టం నుంచి నేరుగా వచ్చే వికిరణం. దాన్ని తిప్పికొట్టేది మెరిసే రేకు, కానీ రేకు ముందు గాలి సందు ఉంటేనే. వేడి వస్తువుని తాకితే రేకు మెరుపుకి విలువ లేదు, వేడి దాంట్లోంచి పాకిపోతుంది. అందుకని 0.5 నుంచి 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు తీసుకుని, స్పేసర్ల మీద స్టెయిన్‌లెస్ బోల్టులతో, అడ్డుగోడకీ రేకుకీ మధ్య 15-25 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చేలా ఇంజిన్ వైపు బిగించు. ఎగ్జాస్ట్ గొట్టానికీ రేకుకీ మధ్య కూడా ఖాళీ ఉండాలి. ఆ సందు కిందా పైనా తెరిచి ఉంచితే కాగిన గాలి పైకెళ్లిపోయి చల్లగాలి కింద నుంచి వస్తుంది. గుబ్బలు కొట్టిన రేకైతే బిగువుగా ఉంటుంది, మోగదు. ఎగ్జాస్ట్ నుంచి దూరంగా ఉన్న గోడ భాగానికి జిగురున్న గ్లాస్ ఫైబర్ రేకు చాప చాలు. దాన్ని కోసేటప్పుడు గ్లవ్స్, మాస్కు వేసుకో, అంచులన్నీ అల్యూమినియం టేపుతో మూసెయ్యి. లేకపోతే ఆయిలూ నీళ్లూ పీల్చుకుంటుంది.

గొట్టానికి చుట్టే ఎగ్జాస్ట్ ర్యాప్ (వేడికి ఆగే గుడ్డ పట్టీ) విషయంలో నాకు అంత మోజు లేదు. సెగ నిజంగానే తగ్గుతుంది కానీ, బురదలో, నీళ్లలో తిరిగే బండికి అది తడిని పట్టి ఉంచి మామూలు ఇనుప గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. పైగా ఆయిల్ కారి దాంట్లో ఇంకితే మంట ప్రమాదం. రేకు షీల్డ్‌కి చోటు లేని చోట మాత్రమే చుట్టు. కొత్తగా చుట్టాక మొదటి కొన్నిసార్లు పొగ వస్తుంది, కంగారుపడకు.

ముందున్న రేడియేటర్ వేడి గాలి కూడా నేల కిందుగా, పెడళ్ల దగ్గర సందుల్లోంచి కాళ్లకి కొడుతుంది. అక్కడి సందులు మూసి, రేడియేటర్ రెక్కల్లోని మట్టిని వెనక నుంచి ముందుకు, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడుగు. ఎక్కువ ప్రెషర్‌తో కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఇక షీట్లు. ఇనుప నేలకీ గోడకీ 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) డ్యాంపింగ్ షీట్ సరిపోతుంది. ప్యానెల్ నడి భాగంలో మూడో వంతు నుంచి సగం వరకు అంటిస్తే అదురు చాలామటుకు చస్తుంది, మొత్తం కప్పక్కర్లేదు. హీట్ గన్‌తో కాస్త వెచ్చబెట్టి, రోలర్‌తో పైన గుబ్బలు చదునయ్యేదాకా అదుము. తారుతో చేసిన చవక షీట్లు వేడికి జారి కంపు కొడతాయి, కొనకు.

అసలు చిక్కు ప్లాస్టిక్‌తో. ఈ బండ్ల ప్యానెళ్లు చాలావరకు పాలిథిలీన్, పాలిప్రొపిలీన్. వాటికి ఏ జిగురూ సరిగా పట్టదు. ఈ రోజు అంటించింది నెలకల్లా ఊడి వేలాడుతుంది. 120-180 నంబరు ఎమెరీతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పాలిప్రొపిలీన్‌కి పనికొచ్చే అడ్హీషన్ ప్రమోటర్ (జిగురు పట్టేలా చేసే పూత) పూసి అంటించు. అప్పుడు కూడా అంచుల్లో పెద్ద వాషర్లతో పాప్ రివెట్లు కొట్టు. పైకప్పుకైతే రివెట్లు తప్పనిసరి, తల మీద ఊడిపడేది జిగురుకి వదిలేయకూడదు.

అడ్డుగోడకి క్యాబిన్ వైపు 6 మిల్లీమీటర్ల క్లోజ్డ్ సెల్ (లోపలి గదులు మూసుకుని ఉండే) ఫోమ్, దాని మీద చదరపు మీటరుకి 5 కిలోల బరువున్న వినైల్ షీట్ వెయ్యి. శబ్దాన్ని ఆపేది బరువే. ఫోమ్ పని ఆ బరువుని గోడ అదురు నుంచి వేరు చేయడం, కాబట్టి రెండింటినీ కలిపి బోల్టులతో పిండేయకు. అతుకుల దగ్గర 50 మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేసి టేపు కొట్టు. రెండు చదరపు మీటర్లకి వినైలే 10 కిలోలు అవుతుంది, దాన్ని బండి మోసే బరువులో లెక్కేసుకో. బెల్ట్, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ దగ్గరికి వెళ్లే మూతల మీద విడి ముక్కలుగా కోసి వెయ్యి, లేకపోతే సర్వీసు రోజున అంతా చించాల్సి వస్తుంది.

పైకప్పు లోపల ఏమీ లేకపోతే అది డప్పులా మోగుతుంది. కొన్ని బ్యూటైల్ ముక్కలు, వాటి మీద 20-25 మిల్లీమీటర్ల శబ్దం పీల్చే ఫోమ్ పెట్టు. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్లోజ్డ్ సెల్ ఫోమ్ నీళ్లు పీల్చదు కానీ శబ్దాన్నీ అంతగా పీల్చదు. ఓపెన్ సెల్ ఫోమ్ రెండూ పీలుస్తుంది. అందుకే ఓపెన్ సెల్ రకాన్ని నీళ్లు చేరని పైకప్పులోనే, పల్చటి ఫిల్మ్ కప్పు ఉన్నదే వాడు. నేల మీదా ఇంజిన్ గోడ మీదా అది వద్దు.

ముందు పూర్తి అద్దం ఉండి వెనక ఏమీ లేకపోతే, సీట్ల వెనక గాలి ఒత్తిడి తగ్గి, దుమ్మూ ఇంజిన్ వేడీ లోపలికి లాగేసుకుంటుంది. వెనక ప్యానెల్ ఒక్కటి బిగిస్తే ఈ రెండూ తగ్గడం వెంటనే తెలుస్తుంది. దానితో పాటు ముందు అద్దంలో మూసి తెరిచే వెంటు ఉండాలి. తలుపుల గొళ్లేల దగ్గర రబ్బరు, అంచులకి ఈపీడీఎం బీడింగ్ వేస్తే టకటకలు పోతాయి.

ఇదంతా చేశాక మళ్లీ కొలువు. ‘ఏ’ స్కేలు మీద 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలే చెవికి హద్దు. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. ఇంకా పైనే ఉంటే ఇయర్ మఫ్స్ పెట్టుకునే నడుపు.

మొదటిసారి దూరం తిరిగొచ్చాక బోల్టులు బిగించు. ఆ తర్వాత ఎండుగడ్డిలో తిరిగొచ్చిన ప్రతిసారీ, బండి చల్లారాక, రేకుకీ గొట్టానికీ మధ్య చేరిన గడ్డినీ ఆకులనీ చేత్తో లాగెయ్యి. అక్కడ గడ్డి ఉండిపోతే అంటుకుంటుంది. మంటలార్పే సిలిండర్ కూడా సీటు వెనక కాకుండా, కూర్చుని అందుకునేచోట బిగించుకో.

మామయ్య