బడి మీద పాత సిమెంటు రేకులు: తీసేయాలా, ఉంచాలా?

పలాస దగ్గర ప్రభుత్వ బడిలో వంటషెడ్డుకు, వరండాకు పాత సిమెంటు రేకులున్నాయి, కొన్ని పగిలాయి, పిల్లలకు ప్రమాదమా అని అడిగారు.

పగలని, పెచ్చులూడని రేకు కింద కూర్చోవడానికి టెన్షన్ అక్కర్లేదు. చిక్కంతా అది పగిలినప్పుడు, కోసినప్పుడు, డ్రిల్లింగ్ చేసినప్పుడు. ఈ పాత రేకుల సిమెంటులో కలిపిన ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నార కంటికి కనబడనంత సన్నగా గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. దానివల్ల వచ్చే క్యాన్సర్ 20, 30 ఏళ్ల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. అందుకే పిల్లల దగ్గర రాజీ పడకూడదు.

మన శ్రీకాకుళం తీరంలో తుఫాను అయ్యాకే అసలు జాగ్రత్త కావాలి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ లాంటి గాలికి రేకులు ఎగిరిపడి ముక్కలవుతాయి. బడి తెరిచిన రోజే పిల్లలచేత ఆ ముక్కలు ఏరించడం, పొడి చీపురుతో ఊడ్పించడం దయచేసి చేయించకండి. పెద్దవాళ్లే అతి సన్నటి దుమ్మును ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 లేదా పీ100 రకం మాస్కు కట్టుకుని (జేబురుమాలు ఆపలేదు, ఎన్95 సరిపోదు), ముక్కల మీద నీళ్లు చల్లి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి మూట కట్టాలి. నేలను తడిగుడ్డతో తుడవాలి. ముక్కల్ని దంచి దారి గుంతల్లో పోస్తే ఆ దుమ్ము మళ్లీ లేస్తుంది. మూటల్ని ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని అడగండి.

పగిలిన రేకులు మార్చడం వేసవి సెలవుల్లో పెట్టుకోండి. సుత్తితో కొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించమనండి. కొత్తవి కొనేటప్పుడు ఆస్బెస్టాస్ లేనివని బిల్లు మీద రాయించుకోండి, లేదా ఇనుప రేకులు వేయించండి.