నాన్నగారి మతిమరుపుకు ఏ డాక్టరు?

"నాన్నగారు ఆరు నెలలు ఉందామని వచ్చారు. మతిమరుపు ఎక్కువవుతోంది. ఇంటి దగ్గరే ప్రివెంటివ్ అండ్ ఇంటిగ్రేటివ్ న్యూరాలజీ (జబ్బు రాకుండా చూస్తూ, మెదడు, నరాల వైద్యానికి ఆహారం, యోగా వంటివి జోడించే పద్ధతి) అని బోర్డు ఉంది. తీసుకువెళ్లమంటారా?" అమెరికాకు కొత్తగా వచ్చినవారు ఈ మధ్య తరచుగా అడుగుతున్న సందేహం ఇది.

తీసుకువెళ్లండి, కానీ లోపల కూర్చున్నది ఎవరో ముందు కనుక్కోండి. ఇక్కడ న్యూరాలజిస్టులకు యోగ్యతాపత్రం ఇచ్చే ప్రధాన సంస్థ అమెరికన్ బోర్డ్ ఆఫ్ సైకియాట్రీ అండ్ న్యూరాలజీ. అది గుర్తించిన ఉపవిభాగాల్లో ఇంటిగ్రేటివ్ న్యూరాలజీ లేదు. న్యూరాలజీ పూర్తిగా చదివి, ఆ పైన ఆహారం, నిద్ర, యోగా, ధ్యానం గురించి శ్రద్ధగా నేర్చుకున్న డాక్టర్లు ఉన్నారు. 1994లో డాక్టర్ ఆండ్రూ వైల్ అరిజోనా విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన కార్యక్రమం ఇలాంటి శిక్షణకే. అటువంటివారు దొరికితే వదులుకోవద్దు. కాకపోతే ఎం.డి. చదవనివారు కూడా దాదాపు ఇలాంటి పేర్లే తగిలించుకుంటారు. సర్టిఫికేషన్ మ్యాటర్స్ అనే వెబ్‌సైటులో డాక్టరు పేరు కొట్టి చూడండి, ఉచితమే. ఆ క్లినిక్కులోనే సప్లిమెంట్ల (విటమిన్లు, మూలికల మాత్రల) సీసాలు పేర్చి, నెలనెలా కొనాలంటే మాత్రం మర్యాదగా లేచి వచ్చేయండి. 1994 నాటి చట్టం ప్రకారం ఈ దేశంలో సప్లిమెంట్లు అమ్మడానికి మందులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ముందస్తు ఆమోదం అక్కర్లేదు. జ్ఞాపకశక్తికి మంచిదని పేరుపడ్డ జింకో అనే మూలికను మూడు వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద ఏళ్ల తరబడి పరీక్షించారు. అది డిమెన్షియాను (మతిమరుపు ముదిరే మెదడు జబ్బును) ఆపలేదని 2008లో తేలింది.

సిసలైన నివారణ వైద్యం చూడడానికి చప్పగా ఉంటుంది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు 14 కారణాలు లెక్కగట్టింది. వాటన్నిటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు అంది. బీపీ, షుగరు, కొలెస్ట్రాలు, పొగతాగడం మనకు తెలిసినవే. వినికిడి తగ్గడం, చూపు మందగించడం, ఒంటరితనం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చెవి సరిగ్గా వినపడని మనిషి మనం చెప్పింది మరచిపోలేదు, అసలు వినలేదు. ఇంకొకటి చెప్పక తప్పదు. తణుకులో సాయంత్రమైతే నలుగురితో అరుగు మీద కూర్చునే పెద్దాయనను, కారు లేనిదే గడప దాటలేని వీధికి తెచ్చి, పగలంతా యూట్యూబుకు అప్పగించి, రెండు నెలలు తిరగకుండానే "నాన్న మునుపటిలా లేరు" అంటే ఎలా? గుడికో, సీనియర్ సెంటరుకో పంపే ఏర్పాటు ముందు చూడండి.

బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు ఫ్యామిలీ డాక్టరే రాస్తారు. శాకాహారులై, షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవారికి బీ12 తగ్గడం మామూలే. దానివల్ల వచ్చిన మతిమరుపును వేళకు కనిపెడితే తగ్గే అవకాశం ఉంది. గురక, దిగులు కూడా దాచకుండా చెప్పండి. న్యూరాలజిస్టు అపాయింట్‌మెంటుకు నెలలు పట్టవచ్చు కాబట్టి ఈలోగా ఇవన్నీ ముగించుకోవచ్చు.

వెళ్లేటప్పుడు మందులన్నీ ఒకే సంచిలో వేసుకుని వెళ్లండి. మన మందుల షాపులో పది మాత్రలు అడిగితే స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు, ఉన్న ముక్క మీద సగం పేరే మిగులుతుంది. అందుకని ఊళ్లో ఉన్నప్పుడే పూర్తి స్ట్రిప్పు వెనకవైపు ఫోటో తీసి పంపమనండి. "నరాల బలానికి" వాడే విటమిన్ మాత్రలను చాలామంది మందుల లెక్కలోనే వేయరు. బీ6 మోతాదు మించి చాలాకాలం వాడితే నరాలే దెబ్బతిని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. చూర్ణాలు, భస్మాలు కూడా చూపించండి. ఇంటర్నెట్‌లో కొన్న ఆయుర్వేద మందుల్లో సుమారు ఐదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికిందని 2008లో ఒక అమెరికన్ పరిశోధన చెప్పింది. సీసం చేసే హాని ముఖ్యంగా మెదడుకే.

జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో జరగాలని పట్టుబట్టండి. ఇంగ్లీషు పరీక్షలో గుర్తుపెట్టుకోమనే మాటల్లో వెల్వెట్, డైసీ ఉంటాయి. ఎన్నడూ డైసీ పువ్వు చూడని పెద్దాయన అది మరచిపోతే ఆ మార్కు ఎవరి ఖాతాలో వేయాలి? కొడుకు పక్కన కూర్చుని అనువదిస్తే ఇంకా ప్రమాదం, జాలిపడి అందించేస్తాడు. ప్రభుత్వ నిధులు అందుకునే ఆస్పత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, సాధారణంగా ఫోనులో కలుపుతారు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడగండి. నాన్నగారికి ఎన్ని భాషలు వచ్చో కూడా డాక్టరుకు చెప్పండి. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. అలాగని ఇప్పుడు ఆయన్ను స్పానిష్ తరగతిలో చేర్చకండి.

ఖర్చు సంగతి. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బులకు డబ్బు ఇవ్వవు. మెల్లగా పెరుగుతున్న మతిమరుపే అయితే రక్తపరీక్షలు ఇక్కడ చేయించి, మిగతాది తిరిగి వెళ్లాక హైదరాబాదులోనో విశాఖలోనో చూపించడం తెలివైన పని.

ఒక్కరోజులో తికమక మొదలైతే అది ఈ కోవలోది కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, రక్తంలో సోడియం పడిపోవడమో కావచ్చు, ఆ రోజే చూపించాలి. మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి వాలిపోయినా అది పక్షవాతం (స్ట్రోక్) కావచ్చు, వెంటనే 911కు ఫోను చేయండి. మెదడు రక్తనాళంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆయన చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకు అని అంబులెన్సువారు మొదటే అడుగుతారు.