రిపోర్టులో అన్నీ ‘ఆర్’లే... బాబుకు ఇక ఏ మందూ పనిచేయదా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా బాబుకు పదకొండేళ్లు. చిన్నప్పటి నుంచీ దగ్గే. మొదట టీబీ అని ఆరు నెలలు మందులు వాడించారు. తర్వాత చెమట పరీక్ష చేసి సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బు అని తేల్చారు. రెండేళ్ల కిందట కఫంలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కనిపిస్తే నెబ్యులైజర్‌తో టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు, పోయింది. ఇప్పుడు మళ్లీ వచ్చింది. రిపోర్టులో ‘మ్యూకాయిడ్’ అని రాశారు. సిప్రోఫ్లాక్సాసిన్, టోబ్రామైసిన్‌తో సహా నాలుగు మందుల ఎదురుగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే క్రిమి ఆ మందుకు లొంగదని) అని ఉంది. మందులు ఎక్కువ వాడించి మేమే ఇలా చేసుకున్నామా? ఇది చెల్లికి, నాయనమ్మకు అంటుతుందా? ఇదే జబ్బున్న ఇంకో బాబు మధురవాడలో ఉన్నాడు. వాళ్లు కలుద్దాం అంటున్నారు. వెళ్లొచ్చా?
- ఒక తల్లి

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, అది ఈ ఆదివారమే అవసరపడొచ్చు. పెద్దవాళ్లు తప్పకుండా కలవండి. పిల్లలిద్దరినీ మాత్రం ఒక గదిలో కూర్చోబెట్టకండి. వీడియో కాల్‌లో ఎంతసేపైనా మాట్లాడుకోనివ్వండి. ఇది అతి జాగ్రత్త కాదు. అమెరికా, కెనడాల్లో ఈ జబ్బున్న పిల్లల కోసం వేసవి క్యాంపులు పెట్టేవారు. బర్క్‌హోల్డేరియా సెపేసియా అనే బ్యాక్టీరియా ఒకరి నుంచి ఒకరికి పాకుతోందని తెలిశాక 1990లలో వాటిని మానేశారు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో సూడోమోనాస్‌లోనే మొండి రకం ఒకటి అలాగే పాకింది. ఆసుపత్రి ఓపీలో కూడా ఈ జబ్బున్న ఇంకో బిడ్డ ఉంటే కనీసం రెండు మీటర్ల దూరం, మాస్కు ఉండాలి.

నాయనమ్మ గురించి, ఈ జబ్బు లేదని తేలితే చెల్లి గురించి టెన్షన్ వద్దు. సూడోమోనాస్ సింకుల్లో, డ్రైనేజీల్లో, తడి ఉన్న ప్రతిచోటా ఉండేదే. మామూలు ఊపిరితిత్తులు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి నెట్టేస్తాయి. మీ బాబుకు సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులో లోపం ఉంది. అందుకే శ్వాసనాళాల్లో కఫం జిగటగా మారి కదలదు. అవకాశం దొరికితే తప్ప జబ్బు చేయలేని క్రిమికి అదే అవకాశం.

ఇక రిపోర్టు సంగతి. సూడోమోనాస్ మొదట వచ్చినప్పుడు తోకతో ఈదుతూ, విషపదార్థాలు వదులుతూ తిరుగుతుంది. ఆ దశలో మందుకు లొంగుతుంది కూడా. మీ డాక్టరు రెండేళ్ల కిందట చేసింది సరైన పనే. ఎక్కువ కాలం అక్కడే ఉండిపోతే దాని తీరు మారుతుంది. తోక వదిలేస్తుంది, విషాలు తగ్గించుకుంటుంది, ఆల్జినేట్ అనే జిగురు తయారుచేసుకుని అందులో గుంపుగా దాక్కుంటుంది. ‘మ్యూకాయిడ్’ అంటే అదే. నీళ్ల ట్యాంకు గోడకు పట్టిన పాకుడు లాంటిది, ఎన్ని నీళ్లు పోసినా పోదు, గీకాల్సిందే. ఈ రకం రక్తంలోకి పాకి ఒక్కసారిగా ప్రాణం మీదికి తేవడం అరుదు. కానీ ఊపిరితిత్తిని ఏళ్ల తరబడి మెల్లగా దెబ్బతీస్తుంది.

మందులను తట్టుకోవడానికి దానికి దారులు చాలా ఉన్నాయి. లోపలికి వచ్చిన మందును పంపులతో బయటికి తోడేస్తుంది. మందు వచ్చే రంధ్రాలు మూసుకుంటుంది. కొన్ని రకాల్లో జన్యువుల్లోని తప్పులు సరిదిద్దే వ్యవస్థే చెడిపోయి ఉంటుంది, అవి మరీ వేగంగా మారిపోతాయి. మందులు వాడేకొద్దీ తట్టుకునేవే మిగులుతాయన్నది నిజం. అలాగని ఆ మందులు మానేసి ఉంటే బాబు ఊపిరితిత్తులు ఇప్పటికే ఇంకా పాడయ్యేవి. మీరు చేసుకున్నదేమీ లేదమ్మా.

‘ఆర్’ చూసి అంత కుంగిపోవాల్సిన పని లేదని ఎందుకంటున్నానంటే, క్రిమి మందుకు లొంగుతుందా లేదా అని ల్యాబ్ తేల్చే గీత, మందు రక్తంలోకి ఎంత చేరుతుందో లెక్కగట్టి గీసింది. నెబ్యులైజర్‌తో పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లో చేరే మందు దానికి ఎన్నో రెట్లు. అందుకే ‘ఆర్’ అని వచ్చిన టోబ్రామైసినే పీల్చితే పనిచేయడం చూస్తుంటాం. పైగా ఒకే కఫంలో ఒకే క్రిమికి చెందిన రకరకాల రూపాలు ఉంటాయి. ల్యాబ్‌లో పరీక్షించేది వాటిలో ఒకటో రెండో. మేం రిపోర్టు కన్నా బిడ్డను చూస్తాం: దగ్గు, బరువు, ఊదుడు పరీక్షలో ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదగలిగిన గాలి) అంకె. అవి దిగజారితే అడ్మిట్ చేసి, రెండు రకాల ఇంజెక్షన్లు కలిపి సుమారు రెండు వారాలు ఇస్తాం. ఈ పిల్లల ఒంట్లోంచి మందు త్వరగా బయటికి పోతుంది కాబట్టి మోతాదు కూడా ఎక్కువే కావాలి. మెడికల్ షాపులో అడిగి నాలుగు రోజులు మాత్రలు వేయడం వల్ల క్రిములు రాటుదేలడం తప్ప ఇంకేమీ జరగదు. ఇది మాత్రం గట్టిగానే చెబుతున్నాను.

ఒకటి మాత్రం నిర్ధారించుకోండి. ఆ క్రిమి నిజంగా సూడోమోనాసేనా? బర్క్‌హోల్డేరియాను చూసి సూడోమోనాస్ అని రాసేయడం జరుగుతుంటుంది. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా కూడా ‘ఆర్’ ఉంటే అనుమానించాలి, ఎందుకంటే బర్క్‌హోల్డేరియా పుట్టుకతోనే ఆ మందుకు లొంగదు. 1950లో ఉల్లిపాయల కుళ్లులో గుర్తించిన ఈ క్రిమి కొందరు సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో తీవ్ర జ్వరం, న్యుమోనియాతో రక్తంలోకి పాకుతుంది. కేజీహెచ్ లాంటి బోధనాసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో మరోసారి కల్చర్ (కఫంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) చేయించండి. వీలైతే ఏడాదికోసారి వెల్లూరు సీఎంసీలోనో ఢిల్లీ ఎయిమ్స్‌లోనో చూపించండి.

పాకుడును గీకడం అన్నాను కదా, అది మీ చేతుల్లోనే ఉంది. ముందు శ్వాసనాళాలను విప్పార్చే మందు, తర్వాత ఉప్పు సాంద్రత ఎక్కువున్న సెలైన్ పీల్చడం, ఆపైన ఫిజియోథెరపీతో కఫం బయటికి తీయడం, ఆఖరున యాంటీబయాటిక్. ఈ వరస తప్పితే ఖరీదైన మందు కఫం మీదే ఆగిపోతుంది. నెబ్యులైజర్ కప్పును వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి, కంపెనీ వద్దని చెప్పకపోతే ఐదు నిమిషాలు మరిగించి, పూర్తిగా ఆరనివ్వండి. తడి కప్పులోనే సూడోమోనాస్ పెరుగుతుంది. విశాఖ ఉక్కపోతలో ఈ పిల్లలకు చెమటతో ఉప్పు విపరీతంగా పోతుంది కాబట్టి మజ్జిగలో ఉప్పు ధారాళంగా వేయండి. నాయనమ్మకు బీపీ ఉంటే ఆ మజ్జిగ ఆవిడకు ఇవ్వొద్దు.

కఫంలో రక్తం పడినా, ఆయాసం పెరిగినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చెల్లికి చెమట పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. అన్నకు ఉంటే చెల్లికి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. చెమటలో క్లోరైడ్ (ఉప్పులో ఉండే పదార్థం) లీటరుకు 60 మిల్లీమోల్స్ లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే జబ్బు ఉన్నట్టే, 30 నుంచి 59 మధ్య వస్తే జన్యు పరీక్ష అడగండి. దగ్గు లేకపోయినా ఆ పరీక్ష ఇప్పుడే చేయించండి.