కేప్ హాటెరస్‌లో బీచ్ మీదికి బండి, పక్షుల మూసివేతలు: జూన్‌లో చేపలకు వెళ్లేవాళ్లకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: జూన్ నెలాఖరులో క్యారీ నుంచి నార్త్ కరోలినా తీరపు దీవులైన ఔటర్ బ్యాంక్స్ వెళ్తున్నారు, ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది, అక్కడి కేప్ హాటెరస్ బీచ్ కొన అయిన కేప్ పాయింట్‌లో గాలం వేయాలని ఉంది. పక్షులు గూళ్లు పెట్టాయని అటు బండ్లను పోనివ్వరని విన్నారు. బీచ్ మీద బండి నడిపే పర్మిట్ కొనడం దండగా? గుప్పెడు పిట్టల కోసం అంత మేర బీచ్ మూయాలా?

పర్మిట్ దండగ కాదు. కానీ జూన్ నెలాఖరులో పాయింట్ కొన దాకా బండి పోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. మూసి ఉంటుందనుకునే బయల్దేరండి, తెరిచి ఉంటే మీ అదృష్టం. ఎందుకు మూస్తారో తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో మీకే తెలిసిపోతుంది కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

ఎక్కువ మూసివేతలకు కారణం పైపింగ్ ప్లోవర్ అనే పిట్ట. మన తీతువు పిట్ట కుటుంబమే, పరిమాణంలో దానికన్నా బాగా చిన్నది. బరువు 50 గ్రాముల అటూ ఇటూ, వీపు అచ్చం ఎండు ఇసుక రంగు. గూడంటే ఇసుకలో చిన్న గుంట, అంతే. రోజు విడిచి రోజు ఒకటి చొప్పున నాలుగు గుడ్లు పెడుతుంది, పొదగడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఈ దశలో గొడవ తక్కువ. గూడు కదలదు కనుక చుట్టూ 50 మీటర్ల దూరంలో కర్రలు పాతి తాడు కడితే సరిపోతుంది. నక్కలు, రకూన్ల బెడద ఉన్నచోట గూటి మీద తీగ పంజరం కూడా పెడతారు. ఆ కంతల్లోంచి తల్లి దూరుతుంది, నక్క దూరలేదు.

అసలు చిక్కు పిల్లలతో. గుడ్డులోంచి వచ్చిన కొన్ని గంటలకే అవి గూడు వదిలేసి నడుస్తాయి. తల్లిదండ్రులు కాపలా కాస్తాయి, చలికి పొట్ట కింద పెట్టుకుంటాయి గానీ మేత తెచ్చి నోట్లో పెట్టవు. పురుగులూ ఇసుకలో గెంతే చిన్న చిన్న జీవులూ తడి ఇసుకలో, అలలు తెచ్చి పడేసిన నాచు వరుసలో దొరుకుతాయి. పిల్లలు అక్కడికి వెళ్లి తామే ఏరుకు తినాలి. గూడేమో పైన దిబ్బల వైపు, మేతేమో నీటి అంచున, ఆ రెంటికీ మధ్యన సరిగ్గా బండ్లు తిరిగే దారి. చక్రాల గాడిలో పడిన పిల్ల అంత తేలిగ్గా ఎక్కి రాలేదు. పైగా ప్రమాదం కనిపిస్తే పరుగెత్తదు, నేలకు అతుక్కుని కదలకుండా పడుకుంటుంది. నక్కను తప్పించుకోవడానికి పనికొచ్చే ఈ గుణమే టైరు ముందు దాని ప్రాణం తీస్తుంది. ఎంత జాగ్రత్తపరుడైన డ్రైవర్‌కైనా అది కనబడదు. ఎగరడానికి 25 నుంచి 35 రోజులు పడుతుంది, అన్నాళ్లూ వందల మీటర్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

అందుకే పిల్లలున్న చోటికి రెండు వైపులా వెయ్యేసి మీటర్లు బండ్లు రాకూడదని 2012 నాటి ప్రణాళికలో రాశారు. మనుషులకు 300 మీటర్లు. ఒక్క కాన్పు పిల్లలు రెండు కిలోమీటర్ల తీరాన్ని ఎలా మూయించేవో ఇప్పుడు అర్థమవుతుంది. పిల్లలు కదిలితే మూసివేత కూడా వాటి వెంట కదులుతుంది. కేప్ పాయింట్ ముక్కోణంలా సముద్రంలోకి పొడుచుకు వచ్చిన కొన. మెడ దగ్గర ఒక్క కుటుంబం ఉన్నా వెనకున్న కొన మొత్తానికీ దారి పోతుంది. కొనలో పక్షి లేకపోయినా మీరు అక్కడికి చేరలేరు. చేపలవాళ్ల కోపానికి మూలం ఇదే, అది అర్థంలేని కోపమని నేనెప్పుడూ అనను.

వెనక కథ కొంచెం తెలుసుకోవాలి. ఫెడరల్ భూముల్లో బండ్లు ఎక్కడ తిరగాలో నియమాలు రాయాలని 1972లోనే అధ్యక్షుడి ఆదేశం ఉంది. పైపింగ్ ప్లోవర్ 1986లో రక్షిత జాబితాకెక్కింది. హాటెరస్‌లో మాత్రం పూర్తి నియమం దశాబ్దాల తరబడి రాలేదు. 2007లో డిఫెండర్స్ ఆఫ్ వైల్డ్‌లైఫ్, నేషనల్ ఆడుబాన్ సొసైటీ అనే వన్యప్రాణి సంఘాలు కోర్టుకెక్కాయి. 2008 ఏప్రిల్‌లో రాజీ డిక్రీ, అంటే రెండు పక్షాలూ ఒప్పుకున్న కోర్టు ఉత్తర్వు, వచ్చింది. తాళ్లు తెంచి ఎవరైనా కావాలని లోపలికి వెళితే మూసిన మేర 50 మీటర్లు, మళ్లీ జరిగితే 100, ఆ పైన 500 మీటర్లు పెంచాలని అందులో రాశారు. అంటే ఒకడు చేసిన పనికి బీచ్ మీదున్న అందరికీ శిక్ష. 2012 ఫిబ్రవరి 15 నుంచి పర్మిట్లతో పూర్తి నియమం అమల్లోకి వచ్చింది. 2014 చివర్లో కాంగ్రెస్ ఈ దూరాలను మళ్లీ చూడమంది, 2015లో చాలావాటిని తగ్గించారు.

ఎలా తగ్గించగలిగారన్నదే నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన విషయం. పిల్లలు ఎక్కడున్నాయో తెలియనప్పుడు దూరం ఒక్కటే రక్షణ. రోజంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటే అంత దూరం అక్కర్లేదు. కాపలా పెరిగితే మూసివేత చిన్నదవుతుంది. మాసచూసెట్స్ ఈ దారినే ఇంకా ముందుకెళ్లింది. 2016లో రాష్ట్రమంతటికీ ఒక ఆవాస పరిరక్షణ ప్రణాళికకు అనుమతి తెచ్చుకుంది. పిల్లలున్న బీచ్ మీద కూడా నిర్ణీత వేళల్లో, కాపలావాళ్లు ముందు దారి చూస్తుంటే బండ్లు వరుసగా నెమ్మదిగా దాటిపోవచ్చు. బదులుగా వేటాడే జంతువుల అదుపుకో, కాపలాకో ఖర్చు పెట్టాలి. ఆ రాష్ట్రంలో 1986లో సుమారు 140 జంటలున్న పక్షి ఇప్పుడు వెయ్యి జంటలు దాటింది. పక్షులు అంత పెరిగాయి కాబట్టే వాళ్లకు ఆ వెసులుబాటు దొరికింది. హాటెరస్‌లో జంటలు చాలా తక్కువ, ఒక్క కాన్పు పోయినా ఆ ఏటి లెక్కలో పెద్ద భాగం పోయినట్టే. అందుచేత అక్కడి పద్ధతిని ఇక్కడ యథాతథంగా దింపమనడం తొందరపాటు. కానీ కాపలా సిబ్బందికి డబ్బు పెంచమని చేపలవాళ్లూ పక్షులవాళ్లూ కలిసి అడగాలి. ఇద్దరికీ లాభించే పని నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక మీ ప్రయాణం. గూళ్లు పెట్టే ముందరి మూసివేతలు మార్చి 15 నాటికే మొదలవుతాయి. పిల్లల వల్ల వచ్చే పెద్ద మూసివేతలు ఎక్కువగా జూన్, జులైల్లో ఉంటాయి. గూడు తుపానుకో నక్కకో పోతే పక్షి మళ్లీ గుడ్లు పెడుతుంది, అప్పుడు గడువు ఆగస్టు వైపు జరుగుతుంది. బీచ్ మీదే గూళ్లు పెట్టే వేరే పక్షులు ఆయిస్టర్‌క్యాచర్లు, చిన్న టెర్న్‌లు, స్కిమ్మర్లకు విడివిడి దూరాలున్నాయి. ఏ ర్యాంప్ (బండి బీచ్ మీదికి దిగే దారి) తెరిచి ఉందో ఈ తీరాన్ని చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్ మ్యాప్‌లో బయల్దేరే ముందు రాత్రి ఒకసారి, పొద్దున మరోసారి చూడండి. నిన్నటి మ్యాప్ నమ్ముకుని పోతే తాడు ముందు ఆగాల్సి వస్తుంది. పర్మిట్ బండికి ఇస్తారు, అన్ని ర్యాంపులకూ చెల్లుతుంది. కాబట్టి బక్స్‌టన్‌లో 44వ నంబరు దగ్గర దారి లేకపోతే ఏవన్ పక్కనున్న 38, సాల్వో దగ్గరి 23, ఫ్రిస్కో వైపు 49 చూసుకోండి. బండికీ మనిషికీ దూరాలు వేరు కనుక బండి ఆగినచోట నడక దారి తెరిచి ఉండొచ్చు. రెండు రాడ్లు, చిన్న బకెట్ మోసుకుపోవడానికి సిద్ధపడితే జూన్‌లో చాలా చోట్లు దొరుకుతాయి.

బండిలో నాలుగు తప్పనిసరి: తక్కువ పీడనం చూపించే టైరు గేజి, పార, జాకీ, జాకీ కింద పెట్టే పలక. పలక అడుగు చదరం, ముప్పావు అంగుళం ప్లైవుడ్ ఉంటే చాలు, అది లేకుండా జాకీ ఎత్తితే ఇసుకలోకి జాకీయే దిగిపోతుంది. ర్యాంప్ ఎక్కకముందే గాలి 20 పీఎస్ఐకి దించండి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. 35తో వెళితే టైరు ఇసుకను కోసుకుంటూ దిగుతుంది, బండి కూరుకుపోతుంది, లోతైన గాడి కూడా మిగులుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయండి, లేకపోతే మెత్తని ఇసుకలో అది ఇంజిన్ బలాన్ని కోసేస్తుంది. చక్రం ఊరికే తిరిగిందంటే వెంటనే కాలు తీయండి. ఇంకో రెండు సెకన్లు తొక్కితే యాక్సిల్ ఇసుక మీద కూర్చుంటుంది. నాలుగు చక్రాల ముందూ వెనకా, పొట్ట కిందా పారతో తీసి, గాలి 15కి దించి, వచ్చిన గాడిలోనే వెనక్కి రండి. 15 కన్నా తగ్గించి స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ నుంచి ఊడుతుంది. లాగించుకోవాల్సి వస్తే పట్టీని బండి వెనక ట్రైలర్ తగిలించే ఇనుప బంతికి కట్టొద్దు, బంతి విరిగి తుపాకి గుండులా వస్తుంది. బయటపడ్డాక ఆ గుంటలు పూడ్చే వెళ్లండి.

దిబ్బ పాదానికి కనీసం పది మీటర్లు వదిలి, ముందు వెళ్లినవాళ్ల జాడలోనే నడపండి. నాచు వరుస మీద చక్రం పెట్టకండి, పక్షుల మేత అంతా అందులోనే. వేగం గంటకు 15 మైళ్లు దాటకూడదు. పోటు దిగడం మొదలయ్యాక వెళ్లి, మళ్లీ పోటు ఎక్కకముందే తిరిగి వచ్చేలా చూసుకోండి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లోనూ ఈశాన్యపు గాలి ఉన్నప్పుడూ బీచ్ సన్నబడుతుంది. దిబ్బకీ నీటికీ మధ్య ఇరుక్కున్నవాళ్లే మూసిన చోటులోకి బండి తిప్పుతారు, జరిమానా అక్కడే పడుతుంది.

మే నుంచి రాత్రి 9 దాటాక బండి ఇసుక మీద ఉండకూడదు. ఇది తాబేళ్ల కోసం. మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లేల లాగే ఇక్కడి లాగర్‌హెడ్ పిల్లలూ వెలుతురు చూసి దారి తప్పుతాయి.

గాలం వేసే చోట ఎర ముక్కలు, చేప పేగులు ఇసుకలో పూడ్చకండి. వాసనకు రకూన్లు, కాకులు, గల్స్, ఇసుక పీతలు చేరతాయి. మీ పని అయిపోయి వెళ్లాక వాటి చూపు పక్కనున్న పిల్లల మీద పడుతుంది. మూతున్న డబ్బాలో వెనక్కి తెచ్చేయండి. తెగిన నైలాన్ దారం కాళ్లకు చుట్టుకుని పక్షి కుంటిదవుతుంది, మూర ముక్కైనా వదలొద్దు. కుక్క ఆరడుగుల పట్టీ మీదే ఉండాలి. గాలిపటం పక్షి కళ్లకు డేగలా కనబడుతుంది, మూసిన చోట్ల మీదుగా ఎగరేయడం నిషేధం. తాడు బయట ఏదైనా పక్షి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు పరుగెత్తితే అది నటన, పిల్లలు మీ కాళ్ల దగ్గరలోనే ఉన్నాయని అర్థం. బండిలో ఉంటే ఆగి, దిగి నేల చూసుకుని, మీ గాడిలోనే వెనక్కి వెళ్లి రేంజర్‌కు చెప్పండి.

జూన్‌లో ఒడ్డు నుంచి ఎక్కువగా దొరికేవి పాంపనో, సీ మల్లెట్, బ్లూ ఫిష్. పాంపనోకు అలల అంచున తవ్వి తీసిన సాండ్ ఫ్లీ (ఇసుకలో ఉండే చిన్న పీత లాంటిది) ఎర వేయండి, దూరం విసరక్కర్లేదు. పదహారేళ్లు నిండిన ప్రతివారికీ నార్త్ కరోలినా సముద్రపు లైసెన్సు వేరే ఉండాలి. రెడ్ డ్రమ్ అనే చేప పడితే 18 నుంచి 27 అంగుళాల మధ్యది రోజుకు ఒక్కటే ఉంచుకోవచ్చు, అంతకన్నా పెద్దది వదిలేయాలి. 1984 నవంబరులో 94 పౌండ్ల 2 ఔన్సుల రెడ్ డ్రమ్ పడి ప్రపంచ రికార్డు అయింది ఏవన్ దగ్గరే. పెద్ద డ్రమ్‌కు అసలు రుతువు అక్టోబరు, నవంబరు. అప్పటికి ప్లోవర్ పిల్లలు ఎగిరిపోయి ఉంటాయి, పాయింట్ మామూలుగా తెరిచి ఉంటుంది. పది రోజుల పర్మిట్ 50 డాలర్లు, ఏడాదిది 120. జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి వచ్చేట్టయితే పది రోజులవి రెండు కొనుక్కోండి. మూడోసారి కూడా వస్తామనుకుంటేనే ఏడాది పర్మిట్ గిట్టుబాటు.