గాజీని ముంచింది మీ నాన్నగారు కాదు, ఫర్వాలేదు

ప్రశ్న: మా నాన్నగారు నేవీలో చేశారు. 1971 యుద్ధంలో విమాన వాహక నౌక విక్రాంత్ మీద, అలీజే విమానంలో అబ్జర్వర్, అంటే రాడార్ చూసి దారి చెప్పే పని. నిరుడు పోయారు, వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజు వచ్చినవాళ్లకి పంచడానికి ఓ చిన్న పుస్తకం వేద్దామని మా అక్కచెల్లెళ్లం ముగ్గురం అనుకున్నాం. చిక్కేమిటంటే ఆయన యుద్ధం గురించి ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. మా బాబాయి మాత్రం "అన్నయ్యే పైనుంచి బాంబేసి పాకిస్తాన్ జలాంతర్గామి గాజీని ముంచాడు, అది రాయండి" అని పట్టుబట్టారు. ట్రంకుపెట్టెలో ఓ లాగ్‌బుక్, రెండు మెడల్స్ దొరికాయి. లాగ్‌బుక్ నిండా పొడి అక్షరాలు, అంకెలే. గుర్తున్న అలవాటంటే ఒకటే. పొద్దున్నే పెరట్లోకి వెళ్లి దండెం మీద లుంగీ ఊగడం చూసి "ఇవాళ గాలి చాలదు" అనేవారు. "గాలితో మీకేం పని?" అని అమ్మ విసుక్కునేది. ఇంతే సరుకుతో ఏం రాయగలం?
– ఓ పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ముందు బాబాయిగారి సంగతి తేల్చేద్దాం. విశాఖలో నేవీ ఇళ్లన్నీ వెతికితే గాజీని ముంచినవాళ్లు ఓ వందమంది తేలతారు, నేను చిన్నప్పుడు మా వీధిలోనే నలుగురిని విన్నాను. గాజీ మునిగింది 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళ, విశాఖ రేవుకి దగ్గర్లో. మన నేవీ లెక్క ప్రకారం ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక వేసిన డెప్త్ చార్జీల (నీళ్లలోపల పేలే బాంబుల) వల్ల. దాని లోపలే ఏదో పేలిందనే వాదనా ఉంది. ఆ వాదన ఎలా తేలినా అందులో విమానం లేదు. మీ నాన్నగారి ఓడ అప్పటికే విశాఖ వదిలి అండమాన్ వైపు వెళ్లిపోయింది. అసలు గాజీ వెతుక్కుంటూ వచ్చింది విక్రాంత్‌నే. అది ఇంకా ఇక్కడే ఉందని నమ్మించడానికి తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విశాఖలో కాంట్రాక్టర్ల చేత పెద్ద ఓడకి సరిపడా సరుకులు తెప్పించే నాటకం కూడా ఆడించారు. కాబట్టి మీరు రాయాల్సింది, నాన్నగారిని వెతుక్కుంటూ వచ్చిన జలాంతర్గామికి నాన్నగారు దొరకలేదని. బాబాయిగారి కథ కంటే నాకు ఇదే బాగుంది.

ఇక గాలి. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ లుంగీ మాటే. విమాన వాహక నౌక విమానాన్ని పైకి పంపాలంటే గాలికి ఎదురు తిరిగి పరిగెత్తాలి. ఓడ వేగం, ఎదురుగాలి, ఆవిరితో పనిచేసే కేటపుల్ట్ విసిరే విసురు, ఈ మూడూ కలిస్తేనే విమానం రెక్కల మీద నిలబడుతుంది. విక్రాంత్‌కి ఆ ఏడాది నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లొచ్చి ఓడ పూర్తి వేగం అందుకోలేకపోయింది. యుద్ధానికి పంపాలా వద్దా అని పైవాళ్లు చాలా తర్జనభర్జన పడ్డారు. ఓడ తగ్గించిన ఆ వేగాన్ని సముద్రమే గాలి రూపంలో ఇవ్వాలి. గాలి పడిపోయిన రోజున బరువైన అలీజేని బాంబులతో ఎగరేయడమంటే మామూలు టెన్షన్ కాదు. అమ్మగారు విసుక్కున్న ఆ మాట మీ నాన్నగారికి 1971 నుంచీ ఉండి ఉంటుందని నా అనుమానం. పుస్తకం మొదటి పేజీలో అదే పెట్టండి, గాజీ బొమ్మ కాదు.

లాగ్‌బుక్ చూసి భయపడకండి. మా నాన్న విక్రాంత్ మీది సీహాక్ జెట్ విమానం నడిపారు, ఆయన పుస్తకంతో నేను రెండు వేసవి సెలవులు కుస్తీ పట్టాను. ఒక్కో వరసలో తేదీ, విమానం రకం, దాని నంబరు, ఎవరితో ఎగిరారు, ఏ పని మీద, ఎన్ని గంటలు. డీఎల్ అని ఉంటే డెక్ లాండింగ్, అంటే ఓడ మీద దిగడం. పగటి గంటలు ఒక గడిలో, రాత్రి గంటలు ఇంకో గడిలో ఉంటాయి. మీరు ముందు డిసెంబర్ పేజీ తీసి రాత్రి గడి చూడండి. డిసెంబర్ 4న ఎనిమిది సీహాక్‌లు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్‌బజార్ మీద మొదటి దాడి చేశాయి, ఆ స్క్వాడ్రన్ కమాండర్ ఎస్.కె. గుప్తాకి మహావీర్ చక్ర వచ్చింది కాబట్టి పేర్లన్నీ సీహాక్‌లకే పోయాయి. అవి పగటి పిట్టలు, ఒక్కడే కూర్చునే జెట్లు. చీకటి పడ్డాక అక్కడి రేవు చిట్టగాంగ్ వైపు వెళ్లిన పని అలీజేది. ప్రొపెల్లర్ విమానం, నిదానం, ముగ్గురు మనుషులు. మీ నాన్నగారికి ముందుకి చూసే పని లేదు, ఆయన ముందున్నది రాడార్ తెర. దీపాలార్పేసిన ఓడని నల్లటి నీళ్ల మధ్య మళ్లీ వెతికి పైలట్‌కి దారి చెప్పాల్సింది కూడా ఆయనే. ఆ గడిలో రెండు గంటలు, మూడు గంటలు అని అంకె ఉంటుంది చూశారా, ఆ అంకెలో ఇదంతా ఉంది.

మెడల్స్ కూడా తిప్పి చూడండి. పూర్వీ స్టార్ ఉంటే తూర్పు యుద్ధం, పశ్చిమీ స్టార్ అయితే పడమటి వైపు. రేపు ఇంకో బాబాయి వచ్చి కరాచీ మీద కూడా బాంబేశాడంటే చూపించడానికి పనికొస్తుంది.

ఎందుకు చెప్పలేదని రాయవద్దు, మీకు తెలియదు కదా. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: అదే డిసెంబర్ 10న అరేబియా సముద్రం మీద ఒక అలీజేని పాకిస్తాన్ ఫైటర్ కూల్చింది, అందులో ముగ్గురూ తిరిగి రాలేదు. అలీజే వాళ్లంటే చిన్న గుంపు, అందరికీ అందరూ తెలుసు. ఆయనతో పనిచేసినవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉంటారు. లాగ్‌బుక్‌లో పక్కన ఉన్న పేర్లు పట్టుకుని ఫోన్ చేయండి, సంవత్సరీకం దాకా ఆగకండి.

ప్రశ్న: మా నాన్న పైలట్ కాదండి, సీహాక్ ఇంజన్ మెకానిక్. ఏవియేటర్ల పిల్లల గ్రూపులో నన్ను చేర్చుకుంటారా లేదా అని మొహమాటం.
– గాజువాక నుంచి

జవాబు: మొహమాటం వాళ్లు పడాలి. 1971 యుద్ధంలో ఆ పది పన్నెండు రోజులూ విక్రాంత్ డెక్ మీద విమానాలు దిగుతుంటే, తోక కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన తీగ పట్టుకుని ఆగీ ఆగగానే పరిగెత్తుకెళ్లి ఆ కొక్కెం విడిపించి, రెక్కలు మడిచి, పక్కకి తోసి, మళ్లీ 20 మిల్లీమీటర్ల గుళ్లు నింపి పంపింది ఎవరు? తిరిగే ప్రొపెల్లర్‌కీ, జెట్ నోటికీ మధ్య నడిచిన ఉద్యోగం అది. మా నాన్న అనేవారు, తన ప్రాణం నీళ్ల మీద కాదు, మెకానిక్ సంతకం మీద తేలిందని. వెళ్లి చేరండి.

ప్రశ్న: తాతగారి విమానం చూపించమని మా అబ్బాయి గొడవ. బీచ్ రోడ్డులో ఉన్నదేనా?
– హైదరాబాద్ నుంచి

జవాబు: కాదు. ఆర్కే బీచ్‌లో ఉన్నది టీయూ-142, 1988లో వచ్చి 2017లో దిగిన రష్యన్ విమానం, తాతగారి కాలంది కాదు. సీహాక్, అలీజే రెండూ చూడాలంటే గోవాలో బోగ్‌మాలో దగ్గరున్న నావల్ ఏవియేషన్ మ్యూజియంకి తీసుకెళ్లండి. విక్రాంత్ మాత్రం లేదు. కొన్నాళ్లు ముంబైలో మ్యూజియంగా ఉంచి 2014లో తుక్కు చేశారు, ఆ ఉక్కులో కొంత బజాజ్ వీ మోటార్ సైకిళ్లలోకి వెళ్లింది. 2022లో కొచ్చిలో నేవీలో చేరింది అదే పేరున్న కొత్త ఓడ.

ప్రశ్న: నాన్న రెక్కల బ్యాడ్జి, ఫ్లయింగ్ సూటు ఎవరి దగ్గర ఉండాలని అన్నదమ్ముల మధ్య మాటలొచ్చాయి. చిరాకేసి సముద్రంలో వేసేద్దామనిపిస్తోంది.
– కాకినాడ నుంచి

జవాబు: వేయకండి. బ్యాడ్జి ఒకరికి, సూటు ఒకరికి, ఏడాదికోసారి మార్చుకోండి. మా ఇంట్లో పోట్లాటే రాలేదు, ఎందుకంటే మా అమ్మ నాన్న ఓవరాల్స్ రెండింటినీ 1980ల్లో పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడకి వేసేసింది. నాన్న సాయంత్రం వచ్చి విని, "జిప్పులు మంచివి, ఇంకో గిన్నె అడగాల్సింది" అన్నారట. అప్పుడొచ్చిన డబ్బాలో ఇప్పుడు మా ఇంట్లో కందిపప్పు పోస్తున్నాం.